మెట్ల కింద హాజరు

నాసరయ్య సార్‌ని ఏదడిగినా నోటితో జవాబు చెప్పడు. లేచి చెప్పులేసుకుంటాడు. "పద" అంటాడు. వాలు అంటే ఏంది సార్ అని ఒకడు అడిగిన పాపానికి మా ట్యూషన్ మొత్తాన్ని పలకల గని పక్కన రాళ్లగుట్ట ఎక్కించాడు. దిగేటప్పుడు జారి మోకాళ్లు చీరుకున్నోళ్లెవరూ ఆ లెక్క మళ్లీ తప్పలేదు.

కెజియా అడిగినప్పుడు మాత్రం బస్సెక్కించాడు. ఆ రోజు ఏం జరిగిందో తర్వాత కెజియానే చెప్పింది. చెప్పేటప్పుడు గొంతు తగ్గించుకుని చెప్పింది, ఎవరో వింటన్నట్టు.

కెజియా వాళ్ల నాయన ఏసోబు పలకలకి చెక్క ఫ్రేములు బిగించే పని చేస్తాడు. ఇంట్లో పదో తరగతి దాటింది కెజియా ఒక్కతే. ఇంజనీరింగ్ సీటొచ్చిన రోజు నాయన్ని వెంటబెట్టుకుని సార్ దగ్గరికొచ్చింది.

"సార్, కన్వీనర్ కోటాలో వచ్చింది. ఫీజు మొత్తం గవర్నమెంటే కడతదంట. అంటే మాకు ఖర్చు లేనట్టే గదా?"

సార్ అదేం వినపడనట్టు, "ఎప్పటిలోపు చేరాల?" అన్నాడు.

"రేపు నాలుగింటికల్లా ఒరిజినల్స్ ఇచ్చి చేరాల సార్. లేకపోతే సీటు పోద్ది."

"రేపు మంగళవారం. మంచిది. నేనూ వస్తా."

ఏసోబు నవ్వాడు. "మంగళారం మంచిదన్న మనిషిని మిమ్మల్నే చూశా సార్. మా సేటు ఆ రోజు మేకు కూడా కొనడు."

"నాకు కావాల్సింది ఆ మంగళవారమే ఏసోబూ."

కాలేజీ ఊరికి దూరంగా, చెట్టన్నది లేని చోట ఉంది. సార్ లోపలికి రాలేదు. గేటు బయట టీ బంకు దగ్గర ఏసోబుని కూర్చోబెట్టుకున్నాడు. కెజియాతో ఇంతే చెప్పాడు: "ఆఫీసు కిటికీకి ఎదురుగా మెట్ల కింద ఒక బెంచీ ఉంటది. నీ పేరు పిలిచేదాకా దాని మీద కూర్చో. పక్కనోళ్లు ఎందుకొచ్చారో అడుగు."

మధ్యాహ్నం రెండున్నర. బయట ఎండ మండిపోతంది. మెట్ల కింద మాత్రం చల్లగా ఉంది, తడిగుడ్డ ఆరని గదిలో ఉండే చల్లదనం. బెంచీ మీద అయిదుగురున్నారు. అయిదుగురూ గోడకి తలలానించి కూర్చున్నారు. ఆ తలలున్న చోటే గోడ మీద నూనె మరకలు నల్లగా దిగిపోయి ఉన్నాయి. చివర ఒక్క మనిషికి చోటుంది. అక్కడ గోడ తెల్లగా ఉంది. కెజియా వీపు ఆనించకుండా కూర్చుంది.

పక్కన ముప్పై ఏళ్ల ఆవిడ, పేరు సుభాషిణి, ఒళ్లో టిఫిన్ డబ్బా పెట్టుకుని బత్తాయి ఒలుస్తంది.

"ఎందుకొచ్చావక్కా?"

"సర్టిఫికెట్ల కోసం. బీరువా మంగళవారమే తీస్తారు."

"ఈ ఏడే అయిపోయిందా చదువు?"

"తొమ్మిదేళ్లయింది."

కెజియా నవ్వబోయింది. సుభాషిణి మొహం చూసి ఆగిపోయింది.

"నాదీ ఫ్రీ సీటే చెల్లీ. ట్యూషన్ ఫీజు గవర్నమెంటు కట్టింది. బస్సు ఫీజు, ల్యాబు ఫీజు, పరీక్ష ఫీజు, ఆ ఫీజులన్నీ మా అమ్మ కట్టింది, గేదెనమ్మి. ఆఖరేడాది గవర్నమెంటు డబ్బు రాలేదన్నారు. రానిది నన్ను కట్టమన్నారు."

"కట్టేస్తే ఇస్తారు గదక్కా?"

"ఉద్యోగమొస్తే కడతా. సర్టిఫికెట్లుంటే ఉద్యోగమొస్తది. కడితే సర్టిఫికెట్లిస్తారు." ఎన్నో సార్లు చెప్పి అరిగిపోయిన మాటల్లాగా, ఎక్కడా తడుముకోకుండా చెప్పింది. బత్తాయి తొన ఒకటి కెజియా చేతిలో పెట్టింది. "తిను. ఇక్కడ దాహమైతది."

అప్పుడే పై అంతస్తులో క్లాసు మొదలైంది. లెక్చరర్ హాజరు తీసుకుంటన్నాడు. నంబర్లు ఒక్కొక్కటే మెట్ల సందులోంచి కిందికి దిగతన్నాయి. పైన పిల్లల గొంతులు సమాధానం చెప్తన్నాయి.

"ట్వంటీ సెవెన్."

బెంచీకి ఆ చివర, హెల్మెట్ ఒళ్లో పెట్టుకుని నిద్రపోతున్న బట్టతలాయన పెదాలు కదిలాయి. "ప్రెజెంట్ సార్." కళ్లు తెరవలేదు.

కెజియా నిద్రలో కలవరింతేమో అనుకుంది.

"ఫార్టీ వన్."

"ప్రెజెంట్ సార్," అంది సుభాషిణి, బత్తాయి గింజ ఊస్తా.

"ఎవరికి చెప్తన్నావక్కా?"

"నేనా? నేనేమన్నా? ఏం అన్లా." నిజంగానే తెలియనట్టు చూసింది.

నంబర్లు దిగతానే ఉన్నాయి. యాభై దాటాయి. బెంచీ మీద ఒకరి తర్వాత ఒకరు, ఒకరు వేలిగోరు కొరుక్కుంటా, ఒకరు ఫోన్ చూసుకుంటా, ఎవరి నంబరుకి వాళ్లు పలికారు. పిలిచినోడికి వినపడాలని కాదు. ఊపిరి వదిలినట్టు. ఆఫీసులో ఫ్యాన్ తిరగతంది, గుమాస్తా స్టాంపులు కొడతన్నాడు, ఎవరికీ ఇందులో వింత లేదు.

"సిక్స్టీ టూ."

పైన ఎవరూ పలకలేదు. కింద కూడా ఎవరూ పలకలేదు.

"సిక్స్టీ టూ!"

అయిదు తలలూ గోడ మీదనుంచి లేచి మెల్లిగా కెజియా వైపు తిరిగాయి. కోపంగా కాదు, ఇంటికొచ్చిన మనిషిని కాళ్లు కడుక్కోమన్నట్టు. కెజియా నాలుక పైదవడకి అంటుకుంది. నోట్లో మాట తయారవుతున్నట్టు తెలిసింది. రెండు చేతులతో నోరు మూసుకుంది. పైన లెక్చరర్, "ఆబ్సెంట్" అని పుస్తకం మూశాడు. తలలు మళ్లీ మరకలకి ఆనుకున్నాయి.

"ఏసోబు కూతురు కెజియా!" కిటికీలోంచి పిలుపొచ్చింది. టైము మూడున్నర.

గుమాస్తా తలెత్తలేదు. "టెన్త్ మెమో, ఇంటర్ మెమో, టీసీ, క్యాస్ట్. అన్నీ ఒరిజినల్సేనా?" చెయ్యి ఒక్కటే బయటికొచ్చింది.

కెజియా ఫైలు కిటికీ గట్టు మీద పెట్టింది. వదల్లేదు. "మళ్లీ ఎప్పుడిస్తారు సార్?"

"కోర్సయ్యాక. డ్యూస్ లేకపోతే."

"గవర్నమెంటు కట్టకపోతే అది ఎవరి డ్యూ సార్?"

అప్పుడు తలెత్తాడు. "డబ్బు గవర్నమెంటుది. సంతకం నీది."

"అయితే నాలుగేళ్లకి మేం కట్టేది ఎంతో, వాళ్లది రాకపోతే ఎంతో, కాయితం మీద రాసియ్యండి సార్. మా సర్టిఫికెట్లు చూసి జిరాక్సులు ఉంచుకోండి."

"ఇన్నేళ్లలో ఈ మాట అడిగినోళ్లు లేరు." కోపం కూడా లేదు గొంతులో. "రాసియ్యం. చేరితే చేరు, లేకపోతే పక్కకి జరుగు. నీ వెనక ఉన్నారు."

కెజియా వెనక్కి చూసింది. లైన్లో ఎవరూ లేరు. బెంచీ మీద వాళ్లు మాత్రం కాస్త కాస్త సర్దుకుని కూర్చుంటన్నారు, ఇంకో మనిషికి చోటిస్తా.

ఫైలు లాక్కుని బయటికొచ్చేసింది.

ఏసోబు ఎదురొచ్చాడు. "చేరావామ్మా?"

"లేదు నాయనా."

"లేదా! ఫ్యాక్టరీ మొత్తానికి లడ్లు పంచానే! ఊరకే ఇస్తుంటే వద్దని వస్తావా?" సార్ మీదికి తిరిగాడు. "ఏం చెప్పి పంపారు సార్ నా బిడ్డకి?"

"నేనేం చెప్పలా. కూర్చోమన్నా."

కెజియా ఫైలు చంకలో పెట్టుకుంది. "నాయనా, చదువు మానుకుంటానన్లా. రెండో విడత కౌన్సెలింగ్ ఉంది. ఎంత కట్టాలో రాసిచ్చే కాలేజీ వెతుక్కుంటా." తర్వాత సార్ వైపు చూసింది. "కానీ ఈ సీటు పోయినట్టే సార్. ఇంకోటి దొరకొచ్చు, దొరక్కపోవచ్చు. ఇప్పుడడిగి తప్పు చేశానా? చేరినాక నిదానంగా అడిగితే సరిపోయేదేమో."

ఏసోబు టైము చూసుకున్నాడు. నాలుగుకి అయిదు నిమిషాలుంది. పోదాం రా అని కూతురి చెయ్యి పట్టుకుని గేటు వైపు ఒక అడుగేశాడు. లోపల ఇంకో క్లాసు మొదలైనట్టుంది, నంబర్లు వినపడతన్నాయి. మెట్ల కిందనుంచి గొంతులు వినపడతన్నాయి. ఏసోబు కూడా విన్నాడు. పట్టుకున్న చెయ్యి అట్నే పట్టుకుని ఆగిపోయాడు.

నాసరయ్య సార్ లేచి చెప్పులేసుకున్నాడు.

"నంబరు పడకముందు అడిగితే అది ప్రశ్నమ్మా. పడ్డాక ఏమడిగినా హాజరే."