పెంగ్విన్ల వెంట వెళ్లిన బారురెక్క

అనగనగా ఒక అడవిలో అని మొదలుపెట్టాలని నాకూ ఉంది పిల్లలూ. కానీ ఈ కథ జరిగిన చోట అడవి మాట అటుంచి, నిలబడి నీడపట్టున ఉండటానికి ఒక్క చెట్టు లేదు. అది భూమికి దక్షిణపు కొస. అటు మంచు, ఇటు సముద్రం, నడుమ ఒక రాళ్ల ఒడ్డు. ఆ ఒడ్డున పెంగ్విన్లు కాపురం ఉండేవి.

పెంగ్విన్లను మీరు బొమ్మల్లో చూసే ఉంటారు. పొట్ట ముందుకు వేసుకుని, అటూ ఇటూ ఊగుతూ నడుస్తాయి. రెక్కలున్నాయి గానీ ఎగరలేవు. చలికాలం వచ్చి ఒడ్డున నీళ్లు గడ్డకట్టడం మొదలైతే వాటికి మేత దొరకదు. అప్పుడు మంద మంద అంతా సముద్రంలోకి దూకి వలస పోతుంది. మళ్లీ ఎండలు వచ్చేదాకా నీళ్లలోనే తిండి, నీళ్లలోనే కునుకు. దారి ఏటా ఒకటే కాదు. మంచు ఎటు కదిలితే దారి అటు మారుతుంది.

ఆ ఏడు నల్లంచు అనే పెంగ్విన్‌కి పెద్ద చిక్కు వచ్చిపడింది. తన పిల్ల అందరికంటే ఆలస్యంగా పుట్టింది. దాన్ని సాకి నీళ్లలోకి పంపేసరికి, తన పాత ఈకలు రాలి కొత్తవి రావడం వెనకబడింది. కొత్త ఈకలు నిండుగా రాకుండా నీళ్లలో దిగితే పెంగ్విన్ చలికి బిగుసుకుపోతుంది. కాబట్టి నల్లంచు ఆగాలి. మంచు మాత్రం ఎవరి కోసమూ ఆగదు.

మందకు పెద్ద దిక్కు మంచమ్మ. నల్లంచును వదిలి వెళ్లడానికి ఆ ముసలిదానికి మనసు రాలేదు. ఉంటే మాత్రం మంద అంతా మంచులో చిక్కుకుంటుంది. ఈకలు రాగానే వెనకాలే రమ్మని చెప్పింది. సరే, ఏ దారిన రావాలి? అది ఎవరు చెబుతారు?

పక్కనే కొండకొమ్ము మీద బారురెక్క అనే ఆల్బట్రాస్ ఉండేవాడు. రెక్కలు చాపితే మన వాకిలి నిండిపోయేంత పక్షి. రెక్క ఆడించకుండా గాలి మీద తేలుతూ రోజంతా పోగలడు. ఆ సంగతి అడగనివాళ్లకు కూడా చెబుతుండేవాడు.

"ఇదేపాటి పని పెద్దమ్మా? మీరెక్కడికి పోయారో నేను చూసొచ్చి నల్లంచుకి చెబుతాను. ఈ పొట్టి కాళ్లతో ఎంత దూరం పోతారు గనుక?" అన్నాడు.

మంచమ్మ నొచ్చుకోలేదు. "నాయనా, దీని ప్రాణం నీ మాట మీద ఉంది. తెలిస్తే తెలిసిందని చెప్పు. తెలియకపోతే తెలియలేదని చెప్పు. ఊహించి మాత్రం చెప్పకు" అంది.

మంద దూకింది. బారురెక్క కూడా గాల్లోకి లేచాడు. రెక్కలు చాపి హాయిగా ఒక్క ఊపు పోయి, వెనక్కి తిరిగి చూశాడు. ఒక్క పెంగ్విన్ లేదు. అంత తొందరగా దాటిపోయాడన్నమాట. ఎంత వెతికినా మంద జాడ దొరకలేదు.

ఈసారి బాగా పైకి పోయి చూడాలనుకున్నాడు. పైనుంచి సముద్రమంతా కనిపించింది. దూరాన నల్లటి చుక్కలు కనబడగానే సంబరంగా కిందికి దిగాడు. తీరా చూస్తే, మంచుపలక మీద పడుకున్న సీల్ జంతువులు. ఎవరిని వెతుకుతున్నావని అవి అడిగితే, ఊరికే షికారుకు వచ్చానని చెప్పి తప్పించుకున్నాడు.

ఇక ఒడ్డుకి తిరిగొచ్చాడు. నల్లంచుకి ఈకలు దాదాపు వచ్చేశాయి. నీళ్ల అంచున మంచు కమ్ముకొస్తోంది, సన్నటి నీటి పాయ ఒకటే మిగిలింది. "అన్నా, మావాళ్లు కనబడ్డారా?" అని అడిగింది నల్లంచు.

ఉత్తరం వైపు పొమ్మంటే సరిపోతుంది. నల్లంచు నమ్ముతుంది. బారురెక్క పరువూ నిలుస్తుంది. మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా. కానీ ఆశగా చూస్తున్న ఆ కళ్లను చూసి వాడు ఆ మాట మింగేశాడు.

"లేదమ్మా. రెండుసార్లు వెతికినా జాడ దొరకలేదు. మీవాళ్లను ఎలా వెతకాలో నాకు తెలియదు" అన్నాడు తలదించుకుని.

నల్లంచు కోప్పడలేదు. తమవాళ్లు ఊపిరి తీసుకునేంత సేపే పైకి వస్తారని, తక్కిన దారంతా నీళ్ల లోపలే పోతారని చెప్పింది. "పైకి తేలినప్పుడల్లా ఒకరినొకరు పిలుచుకుంటారన్నా. నువ్వు నీళ్ల మీద కూర్చుని విను. పిలుపు వినబడితే అంత మేరే ఎగురు. మళ్లీ కూర్చో" అంది.

వినడానికి తేలికే. కానీ ఆల్బట్రాస్‌కి గాలిలో తేలడం ఎంత సుఖమో, నీళ్ల మీంచి లేవడం అంత కష్టం. అలల మీద టపటపా పరుగెత్తితే గానీ ఒళ్లు పైకి లేవదు. బారురెక్క కూర్చున్నాడు, విన్నాడు, పరుగెత్తి లేచాడు. మళ్లీ కూర్చున్నాడు. రొమ్ము నొప్పెట్టింది. కాళ్లు లాగేశాయి. చివరికి ఒక పిలుపు వినబడింది, దాని వెనకే ఇంకొకటి.

అప్పుడు చూశాడు వాళ్లను దగ్గరగా. కొండంత అల వచ్చి మీద పడుతుంటే వాళ్లు దాని కిందుగా దూరి అవతల తేలుతున్నారు. ముందున్నది అలిసిపోతే వెనక్కి తగ్గుతోంది, ఇంకొకటి ముందుకు వస్తోంది. ఎవరూ ఎవరికీ చెప్పడం లేదు. ఒడ్డున తూలుతూ నడిచే ఆ ఒళ్లే నీళ్లలో బాణంలా దూసుకుపోతోంది. తను గాలి మోస్తే తిరిగేవాడు. వీళ్లు బారెడు దూరమైనా సొంత కష్టంతోనే పోతున్నారు. వాళ్లవి పొట్టి కాళ్లని తను ఎగతాళి చేసిన మాట తలుచుకుంటే వాడికి సిగ్గేసింది. ఆ సిగ్గు వెనకే ఎంతో గౌరవం కలిగింది.

పగిలిన పెద్ద మంచుకొండ అవతల మేత ఉందని, అక్కడే ఉంటామని మంచమ్మ చెప్పింది. బారురెక్క గాలిని పట్టుకుని ఒడ్డుకి చేరాడు. పాయ మూసుకుపోయేలోపే నల్లంచు దూకింది. దారి చెప్పేసి కొండకొమ్ము మీద కూర్చోవచ్చు గానీ వాడు కూర్చోలేదు. దాని వెంటే, దాని వేగంతోనే, లేస్తూ కూర్చుంటూ వెళ్లాడు.

మంచుకొండ దగ్గర పొగమంచు కమ్మేసింది. వాడి కళ్లకు ఏమీ కనబడలేదు. నల్లంచు పిలిచింది. బదులు లేదు. మళ్లీ పిలిచింది. అలల చప్పుడే. మూడోసారి పిలిచేసరికి దాని గొంతు బొంగురుపోయింది.

"ఇటు రావే తల్లీ" అంది పొగమంచులోంచి మంచమ్మ గొంతు.

తర్వాత కొండకొమ్ము మీద కుర్ర ఆల్బట్రాస్‌లు బారురెక్కను ఆటపట్టించాయి. ఆ కాస్త దూరానికి అంతసేపు ఎందుకు పట్టిందని అడిగాయి.

"పైనుంచి చూస్తే కాస్త దూరమేరా. వాళ్ల పక్కన పోయి చూడండి, అదెంత దూరమో తెలుస్తుంది" అన్నాడు బారురెక్క.

నీతి: ఎవరి గొప్పతనమైనా పైనుంచి చూస్తే కనబడదు; దిగివచ్చి వాళ్ల వేగంతో, వాళ్ల వెంట నడిచినవాడికే తెలుస్తుంది.