చిరివేరు మంట

చిరివేరు గురించి దస్తగిరికి తెలియనిది ఒక్కటే మిగిలింది. అది తెలుసుకుందామనే అతను ఇల్లు వదిలి వచ్చాడు. మిగతావన్నీ తెలిశాయి గాని, అదొక్కటే తెలియలేదు.

చిరివేరు ఇసుక నేలల్లో జానెడు ఎత్తున పెరిగే మొక్క. పైన చూడ్డానికి ఏమీ ఉండదు, మేకలు కూడా పెద్దగా పట్టించుకోవు. వేరు మాత్రం సన్నగా లోతుకి దిగుతుంది. ఆ వేరు దంచి నీళ్ళలో మరిగించి, కరక్కాయ నీళ్ళూ పటికా పట్టించిన గుడ్డని అందులో వేస్తే ఎర్రగా తేలుతుంది. ఎన్నిసార్లు ఉతికినా పోని ఎరుపు. దస్తగిరి ఇంటివాళ్ళు తరతరాలుగా ఆ ఎరుపు మీదే బతికారు.

తండ్రి కాలం వచ్చేసరికి వాళ్ళ ఊరి చుట్టుపక్కల చిరివేరు పలచబడింది. తర్వాత కనబడడమే మానేసింది. రంగు బానలు బోర్లించేశారు. అన్నలు పడవల మీద కూలికి పోయారు. తండ్రి ఎక్కడికీ పోలేదు. పొద్దున్నే లేచి, పనికి వచ్చినట్టే వచ్చి, ఆ బోర్లించిన బానల పక్కన కూర్చునేవాడు. ఆయన్ని అలా చూడలేక దస్తగిరి ఇనాయత్ బాబా తోటకి వచ్చాడు.

బాబా ఫకీరు. సముద్రానికి దగ్గరలో, ఇసుక దిబ్బల మధ్య ఆయన తోట ఉండేది. దేవుడి సంగతి చెప్తారని ఆయనకి పేరుంది కాని, ఎవరికైనా చెప్పగా విన్నవాళ్ళు లేరు. వచ్చినవాడికల్లా మనుషులకి అక్కరకొచ్చే మొక్క ఒకటి అప్పగించేవారు. ఒకడికి ఆముదం, ఒకడికి ఈత, ఒకడికి గోగు. దాన్ని పూర్తిగా తెలుసుకోమనేవారు. అల్లాని వెతుక్కుంటూ వచ్చి ఆముదం గింజలు ఏరుకుంటూ కూర్చున్నవాళ్ళు అక్కడ కొందరున్నారు. వాళ్ళ మొహాలు చూస్తే, నష్టపోయినట్టు మాత్రం ఉండేవి కావు.

దస్తగిరి తన మొక్క తనే అడిగి తీసుకున్నాడు. ఏ ఇసుకలో వేరు లావెక్కుతుందో, ఏ ఇసుకలో పీచుగా పోతుందో తెలుసుకున్నాడు. వేరు గోటితో గీరి, కాస్త సున్నం రాసి, రంగెంతో చెప్పేయగలిగేవాడు. గవ్వల పొడి కలిసిన నేలలో ఎరుపు చిక్కగా వస్తుందని అతను చెప్తే బాబా కూడా పని ఆపి విన్నారు. ఇతగాణ్ణి నాటితే వేరు దిగుతుందని ఆముదం తెలుసుకుంటున్న మౌలాలి ఏడిపించేవాడు.

చివరికి దస్తగిరి తన ఊరి ఇసుక ఒక బస్తా తెప్పించి, అందులో ఇక్కడి మొక్కలు నాటాడు. అవి ఇక్కడి నేలలో కన్నా బలంగా పెరిగాయి. దాంతో అతనికి తల తిరిగిపోయింది. నేల మంచిదే, వాన ఒకటే, గాలి ఒకటే. మరి చిరివేరు ఎందుకు పోయినట్టు? కావాలంటే మొక్కలు మోసుకుపోయి నాటొచ్చు. ఎందుకు పోయాయో తెలియకుండా నాటితే అవీ పోతాయి.

ఒకరోజు బాబా దగ్గరికి వెళ్ళి సెలవు ఇమ్మని అడిగాడు.

"ఈ మొక్క గురించి నాకింక తెలుసుకోవాల్సింది ఏమీ మిగల్లేదు బాబా. మా ఊరికే ఏదో ఉసురు తగిలింది. అంతే."

అందులో సగం గర్వం, సగం దుఃఖం. బాబా రెండూ విన్నారు.

"నువ్వు ఇన్నాళ్ళూ చెప్పిన ఎరుపు నేను చూడనే లేదు బేటా. ఒక్క గుడ్డ అద్ది చూపించి వెళ్ళు."

దస్తగిరి ఇబ్బంది పడ్డాడు. ఇంట్లో బానలు బోర్లించి ఉండగా ఆ ఇంటివాడు బయట రంగు పెట్టకూడదని వాళ్ళలో ఒక పట్టింపు. అందుకే తోటలో ఇన్నాళ్ళూ ఒక్కసారి కూడా గుడ్డ ముంచలేదు. కాని బాబా అప్పటికే తలకి చుట్టుకున్న పాత గుడ్డ విప్పి చేతిలో పెట్టారు. ఇక కాదనలేకపోయాడు.

గింజ ముదిరి మొక్కలు ఎండుతున్న కాలం అది. దస్తగిరి మంచివి చూసి తవ్వాడు. వేళ్ళు కోసి, దులిపి, వేరే పెట్టుకున్నాడు. పైన మిగిలిన కొమ్మల్ని ఎండలో పరిచాడు. గుడ్డకి కరక్కాయా పటికా పట్టించి ఆరేశాడు. తాతల నాటి పని చేతికి తగిలేసరికి మనిషి మొహమే మారిపోయింది. తనలో తను ఏదో పాడుకుంటూ వేళ్ళు దంచాడు.

బాన పొయ్యి మీద పెట్టాక మౌలాలి తాటిమట్టలు మోసుకొచ్చాడు. దస్తగిరి వద్దన్నాడు. ఎరుపుకి మంట దాని కొమ్మలదే అయి ఉండాలట. వేరే చెట్టు మంట తగిలితే రంగు నల్లబారుతుందట. వాళ్ళ తాత అలాగే చేశాడు, నాన్న అలాగే చేశాడు. ఎండిన చిరివేరు కొమ్మల్ని పొయ్యిలో దట్టించి, బిస్మిల్లా అని నిప్పంటించాడు. అవి చిటపటలాడుతూ అంటుకున్నాయి.

గుడ్డ మొదట పసుపు తిరిగింది, తర్వాత లేత గులాబీకి వచ్చింది. తోటలో వాళ్ళంతా చుట్టూ చేరారు. దస్తగిరి కర్రతో తిప్పుతూ, ఇంకాస్త ఆగండి, అసలు రంగు ఇప్పుడొస్తుంది చూడండి అంటున్నాడు. అందరూ బానలోకి చూస్తున్నారు. బాబా పొయ్యిలోకి చూస్తున్నారు.

ఉన్నట్టుండి ఆయన లేచి, తాగే నీళ్ళ కుండ ఎత్తుకొచ్చి పొయ్యిలో పోసేశారు.

పొగ కమ్మేసింది. మౌలాలి దగ్గుతూ పక్కకి పోయాడు. దస్తగిరి కర్ర పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. ఏడుపొక్కటే తక్కువ.

"ఇంకాస్త ఉంటే ఎరుపు తేలేది బాబా."

బాబా పొయ్యి ముందు కూర్చుని, వెనక్కి చెయ్యి చాచి, పక్కన కుప్పగా ఉన్న కొమ్మల్లోంచి ఒక గుప్పెడు తీసుకున్నారు. అరచేతుల మధ్య నలిపి మెల్లగా ఊదారు. పొట్టు ఎగిరిపోయింది. చేతిలో గోధుమరంగు దుమ్ములాంటిది మిగిలింది. దాన్ని దస్తగిరి అరచేతిలో పోసి, అతని వేళ్ళు ఆయనే ముడిచారు.

దస్తగిరి గుప్పిట విప్పి చూశాడు. విత్తనాలు.

వాళ్ళ పెరట్లో ఎప్పుడూ చూరెత్తు కొమ్మల కుప్ప ఉండేది. మంటకి తక్కువ కాకూడదని, తవ్విన చోట రాలిన రెమ్మలు కూడా ఊడ్చి తెచ్చేవాళ్ళు. ఇసుకలో ఒక్క పుల్ల మిగిలినా పెద్దమ్మ ఊరుకునేది కాదు. ఇక్కడ బాబా తోటలో తవ్వినవాళ్ళు పైకొమ్మల్ని అక్కడే వదిలేసి పోతారు. వాటి మీద మేకలు నడుస్తాయి, గాలికి ఇసుక కప్పుకుంటుంది. దస్తగిరికి ఇదంతా ఎప్పుడూ బద్ధకంలాగే కనిపించింది.

దస్తగిరి నవ్వడం మొదలుపెట్టాడు. కళ్ళు తుడుచుకుంటూ నవ్వాడు, పొగ వల్లేనని మౌలాలి అనుకున్నాడు.

"మీకిది ముందే తెలుసా బాబా?"

"లేదు బేటా. నువ్వు పొయ్యి వెలిగించడం ఇవాళే కదా చూశాను."

ఆ సాయంత్రమే దస్తగిరి బయల్దేరాడు. నాన్నకి చూపించాలని మేలైన వేళ్ళు ఏరి సంచిలో పెట్టుకున్నాడు. గుమ్మం దాకా వెళ్ళి ఆగి, మళ్ళీ వెనక్కొచ్చి, వేళ్ళన్నీ తీసి పక్కన పెట్టేశాడు. సంచి నిండా కొమ్మలు కూరుకున్నాడు.

గులాబీ రంగు దగ్గరే ఆగిపోయిన గుడ్డని పిండి తెచ్చి, సరిగ్గా రాలేదని సిగ్గుపడుతూ బాబాకి ఇచ్చాడు. బాబా దాన్ని తడిగానే తలకి చుట్టుకున్నారు.

"దీనికేం, బాగానే ఉంది. ఎర్రది మీ నాన్న అద్ది పంపిస్తాడులే."