కాకి తెచ్చిన బంగారం

ఎర్రవాగు ఎండిపోయిన ఏడాది అది. అడవిలో తినడానికి గడ్డి లేదు, తాగడానికి బురద తప్ప ఏమీ లేదు. సరిగ్గా అప్పుడే దుమ్ములగొండికి బంగారం మీద మోజు పుట్టింది. దానికి బంగారం ఎందుకంటారా? మనుషులకెందుకో ముందు మీరు చెప్పండి, తర్వాత దాన్నడుగుదాం.

అది కుందేలు పిల్లను నోట కరుచుకుపోయి గుహలో పడేసింది. "పొద్దు గూకేలోగా బంగారం తే, పిల్లను తీసుకుపో. తేకపోతే ఇవాళ నా కూడు అదే" అంది.

కుందేలు వాగంతా తవ్వింది. గోళ్ల వెంట నెత్తురు కారింది. అది చూసి కాకి ఎక్కడినుంచో రేగిపండంత పచ్చటి గడ్డ తెచ్చి దాని ముందు పడేసింది.

"వదినా, ఇసుకలో దొరికింది. బంగారమే. పట్టుకెళ్లు."

గడ్డ మసకగా ఉంది. కుందేలు తటపటాయిస్తుంటే నక్క వచ్చింది. ఇలాంటి చోటికి అది రాకుండా ఉంటుందా?

"కాకి తెచ్చిందా? అయితే కాకి బంగారమే!" అని పకపకా నవ్వింది. "నకిలీ సరుక్కి లోకం పెట్టిన పేరే అది, కోడలు పిల్లా. అసలుది ఇదిగో!" అంటూ పొదలోంచి తళతళలాడే రాయి తీసింది.

"రెండిట్నీ కొట్టి చూడు వదినా" అంది కాకి.

కుందేలు గులకరాయి తీసుకుని ముందు కాకి తెచ్చిన గడ్డను కొట్టింది. సొట్ట పడింది.

"చూశావా! కుందేలు దెబ్బకే సొట్టపోయింది. దీన్నా ఆ రాక్షసుడికిస్తావు?" అంది నక్క.

"నీదీ కొట్టనా మామా?"

"లక్ష్మిని కొడతావుటే? ముందు పొద్దెక్కడుందో చూడు!"

పొద్దు కొండ అంచుకు దిగింది. కుందేలు గులకరాయి వదిలేసింది.

"బంగారం మెత్తగానే ఉంటుంది వదినా! పగిలేది నక్క రాయే!" అని కాకి గొంతు చించుకుంది. కాకి గొంతు కదా, గోలలాగే వినిపించింది.

"ఈ సొట్టరాయి చూస్తే వాడికి ఒళ్లు మండుతుంది. ఇలా ఇవ్వు, పారేస్తా" అంది నక్క. కుందేలు ఇచ్చేసి, "నువ్వూ రా మామా, నా తరఫున ఓ మాట చెప్పు" అని కాళ్లు పట్టుకుంది. రానంటే అనుమానం వస్తుంది. నక్క గడ్డను బుగ్గలో దాచుకుని బయల్దేరింది.

గుహ ముందు దుమ్ములగొండి మెరిసే రాయిని కసిగా కొరికింది. ఫట్! రాయి ముక్కలైంది, కోరపన్ను విరిగింది. నోటినిండా నెత్తురు, గంధకం వాసన. అది అరుచుకుంటూ గుహలోకి దూరి, కాసేపటికి బయటికొచ్చింది.

"ఎవరిచ్చారే ఈ రాయి?"

"నక్క మామే..."

"ఏరా, నీ బుగ్గ వాచిందేం?"

"పన్ను నొప్పి దొరా."

"ఉమ్ము."

నక్క ఉమ్మింది. "కాకి బంగారం దొరా, పారేద్దామని..."

"పారేసేదాన్ని అంత గట్టిగా పట్టుకుంటావా? నీ పళ్లన్నీ దీని మీద అచ్చుపడ్డాయి. రాయి మీద పడతాయట్రా?"

నక్క పరుగందుకుంది. ఎంతో దూరం పోలేదు.

కుందేలు ముందుకొచ్చింది. "బంగారం దక్కింది కదా దొరా, నా బిడ్డనిచ్చెయ్."

దుమ్ములగొండి మూతి నాక్కుంది. "బిడ్డా? పన్ను విరిగిన కోపంలో లోపలికి వెళ్లానే... అప్పుడే అయిపోయింది."

నీతి: పరీక్ష పెట్టేటప్పుడు, మన కంటికి నచ్చినదాన్నే ముందు కొట్టి చూడాలి.