సింగి తిరిగిచ్చిన పండు

కాళ్ళు ఝాడించకుండా పడుకో, చెప్తాను. అనగనగా ఎక్కడో ఒక ఊళ్ళో అనుకుంటున్నావా? ఎక్కడో ఎందుకూ, మన కొండ మీద గూడెమే. మనవాళ్ళ కథే.

ఆ గూడెం అంచున ఒక మామిడి చెట్టుండేది. దాన్ని తల్లి చెట్టు అనేవాళ్ళు. ఎండాకాలం వస్తే అడవి నిండా మామిడికాయలే. అయినా మనవాళ్ళు ఒక్క కాయ కొరికేవాళ్ళు కాదు. తల్లి చెట్టు కింద మామిడి కొత్త పండగ చెయ్యాలి, మొదటి పండు తల్లికి పెట్టాలి, అప్పుడు గానీ మనం నోట్లో పెట్టుకోకూడదు. నవ్వొస్తోందా? నవ్వకు. నీకు పెట్టకుండా మీ అమ్మ తింటుందా? ఇదీ అంతే.

ఒక ఏడాది కొండ కింద ఊరి నుంచి గవర్రాజు అనే ఆయనొచ్చాడు. చేతిలో ఏదో కాగితం. ఆ చెట్టు, చుట్టూ ఉన్న నేల తనవేనన్నాడు. ఎవరిచ్చారయ్యా అంటే కాగితం ఊపి చూపించాడు. మనవాళ్ళకి చదువు రాదు, ఆయనకి సిగ్గు రాదు. కర్ర గుంజలు పాతించి, ముళ్ళ తీగ చుట్టించి, తాళం వేసుకుని పోయాడు.

ఆ తర్వాత పండగ ఆగిపోయింది. ఒకటి కాదు రెండు కాదు, ఏడేళ్ళు.

వేరే చెట్టు కింద చేసుకోండి, ఏం పోయిందీ అని కిందూరి వాళ్ళు తేలిగ్గా అనేశారు. గూడెంలో బొజ్జమ్మ అని పెద్దావిడ ఉండేది. నడుం వంగింది గానీ నోరు వంగలేదు. "మా అమ్మని దొడ్లో కట్టేసి, పక్కింటావిడని అమ్మా అని పిలవమంటారా?" అంది.

బొజ్జమ్మ మనవరాలు సింగి. దానికి ఆరేళ్ళు. అది పుట్టకముందే కంచె పడింది. చుట్టూ మామిడి అడవి, పిల్లకి మామిడిపండు రుచి తెలీదు! తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది. రాలి కుళ్ళుతున్న పండ్ల వాసన చూసి, "అమ్మమ్మా, తేనెలా ఉంటుందా?" అని అడిగేది. "పండగ రోజున నువ్వే నాకు చెబుదువుగానిలే," అనేది బొజ్జమ్మ. ఆ పండగ ఎప్పుడో ఆవిడకీ తెలీదు.

ఇలా ఉండగా ఒక వానాకాలం గోదారి పొంగింది. కిందూరు మునిగింది. గవర్రాజు పెళ్ళాం పిల్లలతో కొండెక్కి వచ్చాడు. మనవాళ్ళు పొమ్మనలేదు. మూడు రోజులు సామల జావ కాచి పోశారు. నేనైతే పోసేదాన్నో లేదో! నీరు తీశాక ఆయన దిగి వెళ్ళిపోయాడు గానీ, తాగిన జావ కుదురుగా ఉండనివ్వలేదు. లోపల సిగ్గనేది కాస్త మొలిచింది.

వేసవి రాగానే మొదటిసారి క్షమాపణ చెప్పడానికొచ్చాడు. ఎలా వచ్చాడనుకున్నావ్? షామియానా, మైకు, ఫొటోలు తీసేవాడు, ఒక శాలువా! మైకులో, "ఏదైనా పొరపాటు జరిగి ఉంటే మన్నించండి," అన్నాడు.

బొజ్జమ్మ లేచింది. "జరిగి ఉంటే ఏంటయ్యా? జరిగిందో లేదో నీకు తెలీదా? ఏం చేశావో పేరు పెట్టి చెప్పు. ఆ శాలువా నువ్వే కప్పుకో, ఈ ఎండకి నాకెందుకు?" అంది. గూడెం మొత్తం లేచి ఎవరి పనికి వాళ్ళు వెళ్ళిపోయారు. ఫొటోలో ఖాళీ చాపలే పడ్డాయి.

ఆ తర్వాత పది రోజులకి రెండోసారి వచ్చాడు. ఈసారి మైకు లేదు. పెద్ద గంపెడు మామిడిపండ్లు తెచ్చాడు. పాపం, మంచి చేస్తున్నాననే అనుకున్నాడు. అందులోంచి బాగా ముగ్గిన పండు తీసి సింగి చేతిలో పెట్టాడు.

సింగి పండుని రెండు చేతుల్తో పట్టుకుంది. వాసన చూసింది. దాని నోట్లో నీళ్ళూరడం అందరికీ కనిపించింది. వద్దని ఎవరూ అనలేదు. బొజ్జమ్మ కూడా అనలేదు. సింగి పండు తీసుకెళ్ళి గంపలో పెట్టేసి, చేతులు లంగాకి తుడుచుకుంది.

గవర్రాజుకి కోపం వచ్చింది. "తప్పు ఒప్పుకుందామని వస్తే పండు కూడా ముట్టరా? ఇంత పొగరేంటి మీకు?" అన్నాడు.

"పొగరే!" అంది బొజ్జమ్మ. "తల్లికి పెట్టకుండా మేం తినం. ఆ తల్లిని కంచెలో పెట్టింది నువ్వు. ఆవిడ పండ్లే కోసుకొచ్చి మాకు దానం చేస్తున్నావు. ఆరేళ్ళ పిల్లకి తెలిసింది నీకు తెలీలేదు."

గవర్రాజు గంప వైపు చూశాడు, పిల్ల వైపు చూశాడు. గంప ఎత్తుకుని దిగిపోయాడు.

మూడోసారి వచ్చినప్పుడు చేతిలో గునపం ఉంది. తోడు ఎవరూ లేరు. కూలివాళ్ళని పెట్టలేదు. తనే తీగ విప్పాడు, తనే గుంజలు పెకలించాడు. మూడు రోజులు పట్టింది. అరచేతులు బొబ్బలెక్కాయి. మనవాళ్ళు చూస్తూ కూర్చున్నారు, ఒక్కరూ సాయం పట్టలేదు. ఎందుకు పట్టాలి?

ఆ తర్వాత నేల గూడెం పేర రాయించిన కాగితం బొజ్జమ్మ చేతికిచ్చాడు. ఆవిడ బడి పంతులు చేత రెండుసార్లు చదివించుకుని గానీ నడుముకి దోపుకోలేదు.

అప్పుడు గవర్రాజు అందరి ముందూ నిలబడ్డాడు. "ఈ చెట్టు మీది. నాది కాదని తెలిసే కంచె వేశాను. ఏడేళ్ళు మీ పిల్లల నోటి దగ్గర పండు లాక్కున్నాను. అమ్మా, నన్ను మన్నిస్తారా?" అన్నాడు.

"నన్నెందుకు అడుగుతావు? నేను చిన్నప్పుడు కడుపారా తిన్నాను. తిననిది ఆ పిల్ల. దాన్నడుగు," అంది బొజ్జమ్మ.

అంత పెద్దమనిషి సింగి ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. సింగి ఆలోచించింది. "ముందు నేను పండు తింటాను," అంది.

పండగ చేశారు. పెకలించిన గుంజలే పొయ్యిలో పెట్టి వంట వండారు. మొదటి పండు తల్లికి, రెండోది సింగికి. రసం మోచేతుల దాకా కారింది. "తేనెలా లేదు అమ్మమ్మా! ఇది ఇంకేదో!" అని అరిచింది. బొజ్జమ్మ ఏడ్చేసింది, అందరూ చూస్తుండగానే.

చివర్న గవర్రాజుకీ ఒక పండు పెట్టారు. ఆయన మళ్ళీ ఆశగా సింగి వైపు చూశాడు. "ఇవాళ కాదు. వచ్చే ఏడాది రా," అంది సింగి.

వచ్చాడు. ఆ పై ఏడాదీ వచ్చాడు. ఇంకా కాదంటే తల ఊపి, కట్టెలు కొట్టి, నీళ్ళు మోసి వెళ్ళేవాడు. ఎప్పుడు మన్నిస్తావని ఒక్కసారి కూడా తొందరపెట్టలేదు.

అలా ఏళ్ళు గడిచాయి. సింగి పెద్దపిల్లయింది. ఒక వేసవిలో తనే కొండ దిగి ఆయన గుమ్మం ముందు నిలబడింది. "లోపలికి రా తల్లీ," అన్నాడు గవర్రాజు. "మీ ఇంటికి తర్వాత వస్తాను. రేపు మా పండగ. మీరు మా ఇంటికి రండి," అంది. అన్నేళ్ళూ రా అన్న పిల్ల రండి అని పిలవడం అదే మొదలు. ఆయన గుమ్మం పట్టుకుని నిలబడిపోయాడు.

కథ కంచికి,
కంచె పొయ్యికి,
పండు పిల్లకి,
పిల్ల పక్కకి!