ముగ్గురే గురువులన్న కట్టుబాటు

మోదుగుల కోన అనే అడవిలో జింకలు, అడవిపందులు, కొండముచ్చులు, ముంగిసలు, కొంగలు, ఒక ముసలి ఏనుగు ఉండేవి. అడవి పెద్దదే. ఎండాకాలం వస్తే మాత్రం దానికి మిగిలేది ఒక్క ఊటమడుగు. వాగులన్నీ ఎండినా ఆ మడుగు అడుగు నుంచి కొద్దికొద్దిగా ఊరుతూనే ఉండేది. పిల్లలూ, ముందే చెబుతున్నాను, ఈ కథలో నవ్వుకునేది కొంచెమే. అదీ మొదట్లోనే వస్తుంది. అక్కడే నవ్వేసుకోండి.

ఆ మడుగు నీళ్ళు ఒక్క మందకు చాలుతాయి, రెండు మందలకు చాలవు. అందుకని జింకలూ పందులూ కొట్టుకు చావకుండా పూర్వం పెద్దలు ఒక ఆట పెట్టారు. ఎండిన వెలగకాయను కాళ్ళతోనో ముట్టెతోనో కొమ్ములతోనో దొర్లించుకుంటూ పోయి, ఎదుటివాళ్ళ రెండు రాళ్ళ మధ్య నుంచి దాటించాలి. మోదుగు పూలు రాలే వేళకు, మడుగు పక్కన ఉన్న పచ్చిక మైదానంలో ఆట. గెలిచిన మందకు ఆ ఎండాకాలమంతా మడుగు. ఓడిన మంద కొండ అవతలి జోరువాగుకు నడవాలి. ఆ దారిలో చెట్టు నీడ కూడా దొరకదు.

ఆటకు రెండు కట్టుబాట్లు ఉండేవి. చలికాలం మొదలయ్యాక ఆట ముగిసేదాకా మడుగులో ఎవరూ మూతి పెట్టకూడదు. ఆట నేర్పే గురువులకు మాత్రం మైదానంలో మేత, మడుగులో నీళ్ళు. అది వాళ్ళకిచ్చే మర్యాద. ఇక రెండోది, జట్టుకు గురువులు ముగ్గురే ఉండాలి. ఎందుకు ముగ్గురే అంటే, ఆ మాట అడిగినవాళ్ళూ లేరు, చెప్పినవాళ్ళూ లేరు.

జింకల మందకు పెద్ద కొమ్మరాజు. కొమ్ములు ఎంత బాగుండేవంటే, మాట్లాడుతూ మాట్లాడుతూ నీటిలో తన నీడ చూసుకునేవాడు. అంతకుముందు ఏడు అతని జట్టు ఒకే ఒక్క కాయ తేడాతో పందుల చేతిలో ఓడింది. ఆ ఎండాకాలం జోరువాగు దారిలో, ఒక తెల్లబండ దగ్గర, కొమ్మరాజు కొడుకు కూలబడి మళ్ళీ లేవలేదు.

మిగిలింది కూతురు ఒక్కతే. నుదుటి మీద గుండ్రటి మచ్చ ఉందని అందరూ బొట్టు అని పిలిచేవారు.

"నాన్నా, ఈసారి కూడా ఆ బండ దగ్గరికి వెళ్ళాలా?" అని అడిగింది బొట్టు.

"వెళ్ళం తల్లీ. ఈసారి మడుగు మనదే" అన్నాడు కొమ్మరాజు. అన్నాడే గానీ ఆ రోజు నుంచి అతనికి కంటి మీద కునుకు లేదు.

సరిగ్గా అప్పుడు దిగాడు తోకయ్య. అతనొక కొండముచ్చు. పని చెయ్యమంటే చెట్టెక్కుతాడు, సలహా ఇమ్మంటే నెత్తికెక్కుతాడు.

"దొరా, పందులు ఆట ఎలా నేర్చుకుంటున్నాయో చెట్టు మీద నుంచి చూసి వచ్చి మీ గురువుల చెవిలో వేస్తాను. నన్ను పెట్టుకోండి."

"గురువులు ముగ్గురే ఉండాలయ్యా. ముగ్గురూ ఉన్నారు."

"నేను గురువునని ఎవరన్నారు? మీ ఆటగాళ్ళకు ఒక్క ముక్క నేర్పను. చూస్తాను, చెబుతాను, అంతే. గురువులు ఎందరుండాలో పెద్దలు చెప్పారు. గురువులు కానివాళ్ళ గురించి వాళ్ళేమీ అనలేదే."

కొమ్మరాజుకు తెల్లబండ గుర్తొచ్చింది. సరేనన్నాడు.

తోకయ్య వెంట ముంగిసలు వచ్చాయి, ఆటగాళ్ళ డెక్కలు చూడడానికి. ముంగిసల వెంట ఉడతలు వచ్చాయి, డెక్కల్లో ముళ్ళు ఉంటే ముంగిసలకు చూపించడానికి. వెలగకాయ ఎటు దొర్లుతుందో ఆలోచించడానికని ఒక కొంగ వచ్చింది. అది ఒంటికాలి మీద నిలబడి పొద్దస్తమానం ఆలోచించేది. దాని ఆలోచన చెడకుండా ఈగలు తోలడానికి మరో కొంగ. ఆటగాళ్ళకు ధైర్యం చెప్పడానికి తొండలు వచ్చాయి. అవి అందరికీ తలలూపి "మీరే గెలుస్తారు" అనేవి. నవ్వుకునే చోటు ఇదే పిల్లలూ.

వీళ్ళందరూ ఇదివరకు పెద్ద మందలకు చాలని కొండ చెలమల్లో తాగి, కొండ మీదే మేసి బతికినవాళ్ళు. ఇప్పుడు మడుగు ఒడ్డునే మకాం పెట్టారు. అదేమని అడిగితే, గురువుల పక్కన ఉండేవాళ్ళకు గురువుల మర్యాదే అన్నారు. లెక్కపెట్టేటప్పుడు గురువులు కారట, తాగేటప్పుడు మాత్రం గురువులట. సిగ్గుండాలి.

కొమ్మరాజు మేనత్త చుక్కమ్మ ఇదంతా చూసి ఊరుకోలేకపోయింది.

"ఒరే నాయనా, అందరూ అందలం ఎక్కేవాళ్ళే అయితే మోసేదెవర్రా? ఆడేవాళ్ళకన్నా ఆడించేవాళ్ళు ఎక్కువైపోయారు."

"నీకు తెలీదత్తా. పోయినసారి ఒక్క కాయ తేడాలో ఓడాం. ఆ ఒక్క కాయా వీళ్ళు తెస్తారు."

పందుల పెద్ద కోరయ్య ఏనుగు తాత దగ్గరికెళ్ళి మొర పెట్టుకున్నాడు. ఆటలో తగవులు తీర్చేది ఏనుగు తాతే. ఆయన కొమ్మరాజును పిలిపించాడు.

"వీళ్ళు నీ ఆటగాళ్ళకు ఆట నేర్పుతున్నారా?"

"లేదు తాతా. గురువులకు చెబుతారు. నేర్పేది గురువులే. ఇది కట్టుబాటు ప్రకారం తప్పా?"

ఏనుగు తాత చాలాసేపు చెవులాడించాడు. "మాట ప్రకారం తప్పు కాదు" అన్నాడు. ఆ మాట వినగానే కోరయ్య కొండ మీదికి పరుగెత్తాడు. తప్పు కానప్పుడు తానొక్కడే ఎందుకు ఊరుకోవాలి? నాలుగు రోజులు తిరక్కుండా పందుల వైపు ఎలుగుబంట్లు, ఏదుపందులు, ఉడుములు, ఎక్కడెక్కడి కాకులూ చేరాయి. జింకలు ఒకరిని పెడితే పందులు ఇద్దరిని పెట్టేవి. పందులు ఇద్దరిని పెడితే జింకలు ముగ్గురిని పెట్టేవి.

మైదానంలో పచ్చిక పోయింది. మొదట నేల కనిపించింది, తరవాత దుమ్ము లేచింది. సాయానికి వచ్చినవాళ్ళు మేశాక మిగిలిన గడ్డిపరకలే ఆటగాళ్ళకు దక్కేవి. తొండలు మాత్రం "మీరే గెలుస్తారు" అంటూనే ఉన్నాయి.

మడుగు కూడా దిగింది. ఒడ్డున ఎప్పుడూ మునిగి ఉండే నల్లరాళ్ళు బయటపడ్డాయి. కొమ్మరాజు రోజూ పొద్దున్నే వెళ్ళి ఆ రాళ్ళను చూసేవాడు. పొద్దుకొక కొత్త రాయి తేలేది.

"ఊట కదా దొరా, అదే ఊరుతుంది" అనేవాడు తోకయ్య మూతి తుడుచుకుంటూ.

ఒకనాడు పొద్దున అక్కడికే కోరయ్య కూడా వచ్చాడు. ఇద్దరూ నల్లరాళ్ళ వైపు చూస్తూ నిలబడ్డారు.

"ఇది ఇలాగే పోతే మీకూ ఉండవు, మాకూ ఉండవు" అన్నాడు కోరయ్య.

"నాకూ అదే అనిపిస్తోంది. నీవాళ్ళను పంపెయ్. నేనూ పంపేస్తాను."

"మొదలెట్టింది నువ్వు. ముందు నువ్వే పంపు."

"నేను పంపాక నువ్వు పంపకపోతే?"

కోరయ్య వెనక్కి తిరిగాడు. పంపుతానని చెప్పినా కొమ్మరాజు నమ్మేవాడు కాదు. ఇద్దరూ ఎవరి దారిన వాళ్ళు వెళ్ళిపోయారు. ఆ సాయంత్రం జింకల జట్టులో ఇంకో రెండు కొంగలు చేరాయి. ఏం చేస్తాం, బుద్ధి అలా ఉంటుంది.

మోదుగులు ఎర్రగా పూశాయి. చుక్కమ్మ ఇక ఆగలేదు. జోరువాగు దారిలో ఎండ ముదరక ముందే, ఒంట్లో సత్తువ ఉండగానే అవతలికి చేరిపోవాలనుకుంది. తన మాట విన్న కొద్దిమంది తల్లులను, పిల్లలను వెంటబెట్టుకుంది. వెళ్ళేముందు కొమ్మరాజు దగ్గరికి వచ్చింది.

"బొట్టునైనా నాతో పంపరా. నీ ఆట నువ్వు ఆడుకో. పిల్లను కాపాడే పూచీ నాది."

బొట్టు తండ్రి ముఖంలోకి చూసింది. కొమ్మరాజుకు నోటి దాకా వచ్చింది, తీసుకెళ్ళు అని. కానీ మంద అంతా చూస్తోంది. తన కూతురే వెళ్ళిపోతే ఆటగాళ్ళేమనుకుంటారు? మడుగు మీద నాయకుడికే నమ్మకం లేదనుకోరూ?

"గెలిచే ముందు పారిపోతారా అత్తా? నా కూతురు ఊటమడుగు నీళ్ళే తాగుతుంది" అన్నాడు.

చుక్కమ్మ బొట్టు నుదురు ఒకసారి నాకి, పిల్లలను తోలుకుని కొండ ఎక్కింది.

ఆట రోజు వచ్చింది. మైదానం చుట్టూ సాయగాళ్ళే. మధ్యలో పక్కటెముకలు లెక్కపెట్టగలిగేలా ఉన్న జింకలు, వేలాడే చర్మాలతో పందులు. వెలగకాయ ముందుకు వచ్చిన ప్రతిసారీ జింకలు ఆగి గురువుల వైపు చూసేవి. గురువులు కొంగల వైపు చూసేవారు. కొంగలు తోకయ్య వైపు చూసేవి. ఈలోగా కాయ పోయేది. అవతల పందుల సంగతీ అంతే. పొద్దు వాలుతున్నా ఒక్కరూ ఒక్కసారి కూడా దాటించలేదు.

చివరికి కొమ్మరాజే మైదానంలోకి దూకాడు. ఎవరినీ అడగలేదు, ఎవరి వైపూ చూడలేదు. కాయను కొమ్ముల మధ్య దూర్చి ఒక్క ఊపున దొర్లించాడు. ఒక కొమ్ము సగానికి విరిగింది. కాయ రెండు రాళ్ళ మధ్య నుంచి వెళ్ళి అవతల పడింది.

జింకలు గెలిచాయి.

తొండలు తలలూపాయి. కొమ్మరాజు అవేవీ చూడలేదు. విరిగిన కొమ్ము నుంచి నెత్తురు కారుతుండగా బొట్టు దగ్గరికి పరుగెత్తాడు.

"రా తల్లీ. మడుగు మనదే. కడుపు నిండా తాగు."

ఇద్దరూ ఒడ్డు దిగారు. అక్కడ మడుగు లేదు. బురద ఉంది, బురద నిండా రకరకాల కాళ్ళ గుర్తులు ఉన్నాయి. ఆటకు ముందే సాయగాళ్ళందరూ చివరిసారి కడుపు నింపుకున్నారు. నడిమధ్యన, ఊట ఉండే చోట, ఒక డెక్క గుంటలో కాసిని నీళ్ళు నిలిచి ఉన్నాయి. బొట్టు అవి తాగింది. తాగి తలెత్తి "ఇంకా?" అంది.

కొమ్మరాజు తోకయ్య కోసం కేకేశాడు. తోకయ్య లేడు. కొంగలూ లేవు. పక్క కోనలో కూడా ఇలాంటి ఆటే ఉందట, అక్కడ సాయానికి మనుషులు... కాదు కాదు, జంతువులు కావాలట. అందరూ పొద్దు వాలకముందే బయలుదేరిపోయారు.

ఇక మిగిలింది జోరువాగు దారే. గెలిచిన జింకలు, ఓడిన పందులు ఒకే దారిన నడిచాయి. తినడానికి పచ్చిక లేక, తాగడానికి నీళ్ళు లేక, ఎండ ముదిరిన దారిలో ఎంత దూరమని నడుస్తారు? దారి పొడుగునా ఒక్కొక్కరే ఆగిపోయారు. కొమ్మరాజు బొట్టును తన నీడలో నడిపించాడు. అతని నీడ కూడా సన్నగానే ఉంది.

తెల్లబండ దగ్గర బొట్టు పడుకుంది.

"కొంచెం ఆగి వస్తాను నాన్నా" అంది.

కొమ్మరాజు పక్కనే కూర్చున్నాడు. చాలాసేపు కూర్చున్నాడు. బొట్టు మళ్ళీ లేవలేదు.

వెనక వస్తున్న ఏనుగు తాత అక్కడ ఆగాడు. కొమ్మరాజు తలెత్తకుండానే అడిగాడు. "తాతా, గురువులు ముగ్గురే అని పెద్దలు ఎందుకన్నారు?"

"మడుగు ఒడ్డున రెండు జట్లకూ కలిపి ఆరుగురు తాగితే ఊట పూడ్చుకోగలదు. అంతకు మించితే పూడ్చుకోలేదు. అందుకని."

"ఆ రోజే ఈ మాట ఎందుకు చెప్పలేదు?"

"నువ్వు తప్పా కాదా అని అడిగావు నాయనా. ఎందుకు అని అడగలేదు. నాకైనా బుద్ధి ఉండాల్సింది, అడక్కపోయినా చెప్పాలని." ముసలి ఏనుగు కళ్ళ వెంట నీళ్ళు కారాయి. అవి ఎవరి దాహానికీ పనికిరాలేదు.

కొద్దిమందే జోరువాగు చేరగలిగారు. వానలు పడ్డాయి. జోరువాగు ఒడ్డు నుంచి చుక్కమ్మ తన పిల్లలతో, మిగిలినవాళ్ళతో తిరిగి వచ్చింది. ఆమె వెంట వెళ్ళినవాళ్ళలో ఒక్కరూ తగ్గలేదు, పైగా ఇద్దరు కొత్తగా పుట్టారు. మంద ఆమెనే పెద్దగా ఎంచుకుంది. ఆమె ఎవరినీ దెప్పలేదు. బొట్టు గురించి మాత్రం వాగు దగ్గర ఒకసారి అడిగి, కొమ్మరాజు ముఖం చూసి, మళ్ళీ అడగలేదు.

ఊటమడుగు నిండింది. ఆ ఏడు ఆటలో గెలుచుకున్నది దాన్నే. కొమ్మరాజు ఒక్కడే ఒడ్డు దిగి మూతి పెట్టాడు. నీళ్ళలో విరిగిన కొమ్ము కనిపించింది. బొట్టు ఎప్పుడూ నిలబడే ఎడమ పక్క కొంచెం చోటు వదిలి తాగాడు.

నీతి: కట్టుబాటులో సందు వెతికే ముందు అది దేన్ని కాపాడుతోందో తెలుసుకోవాలి, లేకపోతే ఆట గెలుస్తాం, దేనికోసం ఆడామో అది పోగొట్టుకుంటాం.