బోర్లించిన ముంత

అనగనగా, మన గుడి గంట వినపడనంత దూరంలో, కాలవ కింద ఒక ఊరు. ఆ ఊళ్ళో ఒక ముంత. రాజు కాదురా చిన్నోడా, ముంత. రోజూ రాజే కావాలంటే ఎక్కణ్ణుంచి తేను? ఇవాళ ముంత కథే. అదీ మీ ఇద్దరి మూలానే. పడుకోబోయే ముందు రెండు ముక్కలు ప్రార్థన చెయ్యవే కెజియా అంటే, సైకిలు కొన్నాక చేస్తానంటావు. పోనీ నువ్వు చెయ్యరా ఒబేదూ అంటే, ఊడిన పన్ను వచ్చాక చేస్తానంటావు. దేవుడేమన్నా మీరు ఎప్పుడు పిలుస్తారా అని గుమ్మంలో కాచుక్కూర్చున్నాడా?

సరే, దుప్పటి లాక్కోకుండా వినండి. నేను ఆగినప్పుడల్లా ఊ అనాలి. అనకపోతే మీరు నిద్రపోయారనుకుని నేనూ పడుకుంటా.

ఆ ఊళ్ళో మనవాళ్ళ ఇళ్ళల్లో ప్రతి పొయ్యి పక్కనా ఒక ముంత ఉండేదంట. పూటపూటా వంటకి బియ్యం తీసుకున్నప్పుడు, కడగకముందే ఒక పిడికెడు తీసి, స్తోత్రం ప్రభువా అని ఆ ముంతలో పొయ్యాలి. ఆదివారం గుడికి పట్టుకెళ్ళి ప్రభువు బల్ల ముందు గుమ్మరిస్తే, అది దిక్కులేనివాళ్ళ పొయ్యి మీదకి పోతుంది. పిడికెడు బియ్యం అంటే అదే. మన వంటింట్లోనూ ఉందిగా, మీరు గోళీలు దాస్తారే, అదే. నాకు తెలీదనుకున్నారా?

ఊళ్ళో ముంతలన్నీ నిటారుగా ఉండేవి. దోర్కమ్మ ముంత ఒక్కటే బోర్లించి ఉండేది. దోర్కమ్మంటే చెడ్డదని కాదు. నాట్లకి వెళ్తే అందరికన్నా ముందు గట్టెక్కేది. ఎవరికి పురుడొచ్చినా పరిగెత్తేది. కానీ మనిషికి ఒకటే తెగులు. ఇప్పుడు కాదు అంటుంది. ఇంకొంచెం ఆగండి అంటుంది.

వానాకాలంలో ఇంట్లో నూకలు తింటారు కదా, నూకలు దేవుడికి పెడతామా, సిగ్గులేదూ, కోతలు కానీ అంది. కోతలయ్యాయి. కొత్త బియ్యం, వండితే ముద్దయిపోతున్నాయి, కాస్త పాతబడనీ అంది. పాతబడ్డాయి. పురుగు పట్టింది, ఎండలో పోసి చెరగనీ అంది. చెరిగేలోపల వానలొచ్చాయి. వానలొస్తే మళ్ళీ నూకలు. ముంత మాత్రం బోర్లానే ఉంది.

ఊ అన్నారా? అనలేదు. మళ్ళీ చెప్పనా? చెప్పను. నాకే విసుగొస్తుంది దానితో.

బియ్యానికే కాదు, అన్నిటికీ అంతే. గురువారం గురువారం ఆడవాళ్ళ కూడికలో ఒక్కొక్కరు లేచి, ప్రభువు నాకు ఈ వారం ఈ మేలు చేశాడని సాక్ష్యం చెప్పాలి. దోర్కమ్మ లేవదు. పెళ్ళి కానీ చెబుతా అంది. పెళ్ళయింది. పిల్లోడు పుట్టనీ అంది. పుట్టాడు, తీతు అని పేరు పెట్టారు. ఇంటికి పెంకు వెయ్యనీ అంది. పెంకు వేశారు. పిల్లోడు అందొచ్చి, పెళ్ళి చేసుకుని కోడలు రానీ అంది. కోడలు వచ్చింది, లూదియ. సన్నగా, గట్టిగా, కొబ్బరి ఈనెలాగ ఉండేది. ఇంకేం, ఇప్పుడన్నా లేస్తుందనుకున్నారందరూ. ఊహూఁ. ముంత మాత్రం?

ఆ, అదీ. బోర్లానే ఉంది.

ఇప్పుడేమందో చెబుతా వినండి. ఆ కూడికలు నడిపే బైబిలమ్మ ఒకావిడ ఉండేది, సంతోషమ్మని. ఆవిడ ఓపిగ్గా అడిగింది, దోర్కా, ఈ వారమన్నా ఒక మాట చెప్పవా అని. ఈవిడ చాప మీద కాళ్ళు బారజాపుకుని, అందరూ వినేటట్టు, "నా కోడలి కడుపు పండనీ అమ్మా. ఆ రోజు లేస్తా. ఊరందరికీ భోజనం పెట్టి మరీ చెబుతా సాక్ష్యం," అంది.

లూదియ ఆ చాప మీదే ఉంది. తలొంచుకుని చాప అంచు పుల్లలు పీక్కుంటూ కూర్చుంది. ఒక గురువారం కాదు, రెండు గురువారాలు కాదు, ఆరేళ్ళ గురువారాలు. ప్రతి గురువారం వాళ్ళత్త అదే మాట. ప్రతి గురువారం అందరి కళ్ళూ ఆ పిల్ల కడుపు మీదకి. ఆ చాపకి ఒక వైపు అంచే లేకుండా పోయిందంట.

అలా ఒక శ్రావణం, వాన కురుస్తుంది. కూడిక నుంచి ఇంటికొచ్చి లూదియ సంచి తీసింది. నాలుగు చీరలు పెట్టుకుంది. ఇంక నా వల్ల కాదు, మా అమ్మ దగ్గరికి పోతా, నేనున్నానని ఈ ఇంట్లో ఎవరికీ కనపడ్డం లేదు అనుకుంది. తీతుకి చెప్పింది కూడా. వాడేం చేస్తాడు పాపం, అమ్మనీ ఏమీ అనలేడు, పెళ్ళాన్నీ ఆపలేడు. గడప మీద కూర్చుని కాలి బురద గోక్కున్నాడు.

అప్పుడు ఆ పిల్ల కళ్ళు ముంత మీద పడ్డాయి. పొయ్యి పక్క గూట్లో, బోర్లా. చూసింది, చూసింది. సంచి తీసుకెళ్ళి మేకుకి తగిలించింది. ఎల్లుండి పొద్దున బస్సెక్కుతా, ఈలోగా రేపొక్కరోజు అత్తని అత్త దారిలోనే నడిపిస్తా అనుకుంది.

ఏడవకే కెజియా, పోలేదు ఇంకా. విను.

తెల్లారింది. దోర్కమ్మ అరుగు మీద కూర్చుని, ఏమే, టీ ఏదే అంది. లూదియ బయటికొచ్చి, ఎంతో మర్యాదగా, "పాలు పల్చగా ఉన్నాయి. నీలాంటి పెద్దమనిషికి పల్చటి టీ ఇస్తానా? చిక్కటి పాలు వచ్చిన రోజు పెడతా," అంది.

సరే, పోనీలే అనుకుంది దోర్కమ్మ. స్నానానికి వేణ్ణీళ్ళు పెట్టమంది. పుల్లలు తడిగా ఉన్నాయి, ఎండ బాగా కాయనీ, అప్పుడు పెడతానంది.

మధ్యాహ్నం అన్నం పెట్టమంది. అయ్యో, నూకలన్నం నీ కంచంలో వడ్డిస్తే దోషం కదూ, కొత్త బియ్యం రానీ అంది. ఇంట్లో ఉన్న రెండు అరటిపళ్ళు తీసుకుని, దోర్కమ్మ మూలకెళ్ళి కూర్చుని, గొణుక్కుంటూ తింది.

సాయంత్రం తల దువ్వమంది. రోజూ ఆ పిల్లే దువ్వి ముడి వేసేది మరి. లూదియ దువ్వెన పట్టుకుని అటూ ఇటూ తిరిగి చూసి, ఈ నెరిసిన జుట్టేం దువ్వుతాను, నల్లబడ్డాక దువ్వుతాలే అంది.

నవ్వండి నవ్వండి. దోర్కమ్మకి మాత్రం నవ్వు రాలేదు. తీతూ, నీ పెళ్ళానికి పిచ్చెక్కిందిరా అని ఒకటే కేకలు. తీతు గేదెని కట్టెయ్యాలని చెప్పి జారుకున్నాడు. వాళ్ళకి గేదె లేదు.

కేకలేసి కేకలేసి అలిసిపోయి, దోర్కమ్మకి అప్పుడు ఒకటి తట్టింది. "అవునే, పొద్దుట్నుంచీ చూస్తున్నా, ఒక్కసారన్నా అత్తా అని పిలవలేదేంటే నన్ను?"

లూదియ పొయ్యి ముందు కూర్చుని ఊదుతుంది. తలెత్తకుండా అంది, "నువ్వు నాయనమ్మవయ్యాక పిలుస్తా."

ఊ అనండి. ఇక్కడ ఊ అనాలి.

ఆ మాట ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. దోర్కమ్మ లేచి నిలబడింది. "ఆరేళ్ళనుంచీ ఒకే కప్పు కింద ఉంటున్నాం కదే! నీకు జ్వరమొస్తే నేను పక్కన కూర్చోలేదా? నా కాళ్ళు వాస్తే నువ్వు నూనె రాయలేదా? ఇప్పుడు నేను నీకు అత్తని కానా? రేపెప్పుడో వచ్చేదాని కోసం, ఇవాళ కళ్ళెదురుగా ఉన్నదాన్ని లేనిదాన్ని చేస్తావంటే..."

చేస్తావంటే అని ఆగిపోయింది.

లూదియ ఊరికే ముంత వైపు చూసింది. దోర్కమ్మ కూడా ముంత వైపు చూసింది. అక్కణ్ణుంచి కోడలి మొహం చూసింది. ఆరేళ్ళలో ఆవిడ ఆ పిల్ల కడుపే చూసింది గానీ, మొహం చూసిందో లేదో. ఏడ్చి ఏడ్చి కళ్ళకింద నల్లగా ఉంది. అక్కణ్ణుంచి మేకుకున్న సంచి చూసింది. చీర చెంగు ఒకటి బయటికి వేలాడుతుంది. ఆకుపచ్చది. పెళ్ళికి తనే పెట్టింది.

అర్థమైపోయింది. అర్థమైతే తప్పయిందమ్మా అంటుందనుకున్నారా? అత్తలు అంటారా ఆ మాట? "ఎసరు మరిగిపోతుంది, నా మొహం చూస్తావేంటే!" అని కసిరింది. కసిరి, తనే వెళ్ళి గూట్లోంచి ముంత తీసింది. లోపల సాలీడు గూడు. చెంగుతో తుడిచింది. చేటలో ఉన్న నూకలు, అవును, నూకలే, పిడికెడు తీసింది. తీసి నిలబడిపోయింది. ఏం చెప్పాలో తెలీలేదు మనిషికి. ఎప్పుడన్నా చెబితేగా!

"నూకలున్నాయి, స్తోత్రం," అంది. కొంచెం ఆగి, "పుల్లలు తడిసినా అంటుకున్నాయి, స్తోత్రం," అంది. ఇంకా ఆగింది. పిడికిలి ముంత మీదే ఉంది, విప్పడం లేదు. "కోడలు ఉంది," అంది. "నా ఇంట్లో ఉంది. స్తోత్రం."

నూకలు ముంతలో రాలాయి.

లూదియ కళ్ళు తుడుచుకుంది. పొగ అని చెప్పుకుందిలే. "అత్తా, ఎసరు మరిగిపోతుంది, నూకలు కడిగి ఇటివ్వు," అంది.

అంతే. ఆ పూట సంచి మేకు మీంచి దిగింది, చీరలు పెట్టెలోకి పోయాయి. గేదెని కట్టేసి తీతు కూడా వచ్చాడు.

ఆదివారం దోర్కమ్మ ముంత పట్టుకుని గుడికెళ్ళింది. నూకలు గుమ్మరిస్తే వెనకాల ఎవరో కిసుక్కుమన్నారు. మూలన కూర్చున్న మార్తమ్మ, ఒక్క పన్నూ లేని ముసలావిడ, ముందుకు జరిగి, ఆ నూకలు నాకివ్వండమ్మా, మీ బియ్యం నేను నమల్లేక చస్తున్నా, జావ కాచుకుంటా అందంట. చూశావురా ఒబేదూ? పన్ను లేనివాళ్ళని కూడా దేవుడు చూస్తాడు.

గురువారం సంతోషమ్మ అడక్కముందే దోర్కమ్మ లేచింది. మోకాళ్ళు పట్టుకుని, విసుక్కుంటూ లేచింది. "నేనడిగింది ఇంకా రాలేదు. మోకాళ్ళ నొప్పీ తగ్గలేదు. ఇల్లు కారుతూనే ఉంది. అయినా లేచాను, చూడండి. నా కోడలు మంచిది, దాని చేతి పులుసు మంచిది. ఇన్నాళ్ళూ నా సాక్ష్యం దీని మీద పెట్టి నేను కూర్చున్నాను, దేవుణ్ణి కూర్చోబెట్టాను. ఇంక దీని కడుపు వైపు ఎవరన్నా చూశారో, కళ్ళు పీకుతా. స్తోత్రం," అని కూర్చుంది.

అంత కోపంగా సాక్ష్యం చెప్పినవాళ్ళు ఆ ఊళ్ళో ముందూ లేరు, తరవాతా లేరు. లూదియ ఆ రోజు చాప పుల్ల ఒక్కటి కూడా పీకలేదు.

ఏంటి? తరవాత పిల్లలు పుట్టారా లేదా అనా?

ఇంతసేపు చెప్పి చెప్పి నా నోరు ఎండిపోయింది, మీరు మళ్ళీ అక్కడికే వచ్చారా! పుడితే గానీ మీకు కథ అవదా? ముంత నిలబడింది. కోడలు ఉండిపోయింది. ఆ ఇంట్లో ముగ్గురూ నవ్వుకుంటూ నూకలన్నం తిన్నారు. కథ అక్కడే అయింది. తరవాత దేవుడు ఏమిచ్చాడో అది తరవాతి రోజుల స్తోత్రం, వాళ్ళే చెప్పుకునుంటారు. మనకెందుకు?

ఇంక సైకిలు వచ్చేదాకా ఆగకు కెజియా, నడిచే కాళ్ళున్నాయి కదా, వాటికి స్తోత్రం చెప్పు. నువ్వేం చెబుతావురా చిన్నోడా? ఆఁ? పన్నూడిన సందులోంచి ఈల బాగా వస్తుంది, స్తోత్రం అనా? ఓరి నీ! సరే, అది కూడా వింటాడు. ఆమేన్ అను. ఈల వెయ్యకుండా అను.

కథ ముంతలోకి, మనం దుప్పట్లోకి. గోళీలు పొద్దున్నే తీసెయ్యండి.