దివాణంలో పెరుగు తోడుకోలేదు

వెలుగుకొండ రాజుగారి దివాను నరసప్పకు మహామంత్రి కావాలని మహా ఆశ. అందుకని తను కూర్చోడు, ఇంకొకర్ని కూర్చోనివ్వడు. "కోటలో ఎవరు ఊరికే ఉన్నా, ఏది ఊరికే ఉన్నా కొలువు ఊడుతుంది!" అని చాటింపు వేయించాడు. ఇంకేముంది, వాకిలి ఊడ్చేవాళ్లు ఊడ్చిందే ఊడ్చారు. భటులు లేని దొంగల వెంటపడి పరిగెత్తారు.

మర్నాడు భోజనంలో రాజుగారు పెరుగు అడిగితే పల్చటి పాలు పడ్డాయి.

"పెరుగేదమ్మా?"

వంటశాల బసవమ్మ ఆవలించింది. "ఏం చెప్పమంటారు మహాప్రభో! తోడు పెట్టగానే పాలు కుండలో హాయిగా పడుకున్నాయి. దివానుగారు చూస్తే వాటి కొలువు ఊడదా? అందుకే కుండను చంకనేసుకుని తెల్లార్లూ కోట చుట్టూ పరిగెత్తించాను!"

"కదిపితే పెరుగెలా తోడుకుంటుందే, పిచ్చిదానా!" అని పక్కనే నిలబడ్డ దివాను కేకేశాడు.

"ఆ మాట మీ చాటింపులో లేదే బాబూ!"

రాజుగారికి నవ్వుతో పొలమారింది. "నరసప్పా, ఇవాళ కుండ పక్కన నువ్వే కూర్చో. కదిలావో, కొలువు ఊడుతుంది!"

నరసప్ప కూర్చున్నాడు. కూర్చున్నవాడు కూర్చున్నట్టే గురకపెట్టాడు. అది విని కోటంతా హాయిగా నడుం వాల్చింది.

సాయంత్రానికి పెరుగు గడ్డలా తోడుకుంది. రాజుగారు రుచి చూసి దివాను భుజం తట్టారు.

"ఇన్నేళ్లలో నువ్వు చేసిన మొదటి పని ఇదేనయ్యా! ఇలాగే నిద్రపోతూ ఉండు, మహామంత్రివైపోతావు!"